అరుగు మీద ఆగిపోయిన మాట

కొత్తగా చేరిన ఆరోగ్య కార్యకర్తలకు నాలుగు మాటలు చెప్పమని శిక్షణ తరగతులకు నన్ను రెండుసార్లు పిలిచారు. వెళ్లాను. అక్కడ తెర మీద బొమ్మలు వేసి, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, సులువైన మాటలు వాడాలి, చెప్పింది అర్థమైందో లేదో తిరిగి అడగాలి అని నేర్పుతున్నారు. అందులో తప్పేమీ లేదు. నేను కూడా ఒకరోజు ఒక అరుగు ముందు నిలబడి, కళ్లలోకి చూసి, సులువైన మాటల్లో చెప్పి, తిరిగి అడిగి సరైన జవాబు కూడా రాబట్టాను. అయినా ఒక మనిషి చనిపోయింది. ఆ సంగతి తరగతిలో చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

ఉద్యోగం

ఉద్యోగం పేరు హెల్త్ ఎడ్యుకేటర్. ఊరూరా తిరిగి ఏ జబ్బు ఎలా వస్తుందో, వస్తే ఏం చేయాలో చెప్పడం పని. సూది వేసేవాళ్లు వేరు, మందు ఇచ్చేవాళ్లు వేరు. మా దగ్గర ఉన్న సరుకు మాట ఒక్కటే.

మా తాతగారికి చీపురుపల్లి దగ్గర మూడు ఊళ్ల మీద పెత్తనం ఉండేది. నాకు ఊహ తెలిసేసరికి ఊళ్లు లేవు, పెత్తనం లేదు. జనం కోట అని పిలిచే ఇల్లొకటి మిగిలింది. దానికి ముందువైపు గోడలు నిలబడి ఉండేవి, వెనకవైపు వానకు కరుగుతుండేవి. నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసి మా మేనమామ, "ఇంటింటికీ తిరిగి దొడ్లు కడుక్కోమని చెప్పే కొలువట" అని పదిమందిలో నవ్వాడు. నేను నవ్వలేదు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి చేరాను.

అప్పుడే ఒక నియమం పెట్టుకున్నాను. తిరిగేది ఇంటింటికీ అయినా ఎవరి ఇంట్లోనూ కూర్చోను, మంచినీళ్లు కూడా తాగను. నిలబడి చెప్పాల్సింది చెప్పి వచ్చేస్తాను. దాన్ని మర్యాద అనుకున్నాను. ఎవరూ కాదనలేదు. మా వైపు పల్లెల్లో పెద్దింటివాడు గుమ్మం ముందు నిలబడితే ఇంటివాళ్లు కూడా లేచి నిలబడతారు. ఇద్దరూ నిలబడి ఉన్న చోట మాట తొందరగా ముగుస్తుంది. ఆ సంగతి నాకు అనుకూలంగానే ఉండేది.

పట్నాయక్ గారి పరీక్ష

నా మొదటి పైఅధికారి పట్నాయక్ గారు. మలేరియా విభాగంలో సూపర్‌వైజరు. పొట్టి మనిషి, ఒడిశా సరిహద్దు ఊళ్లవాడు. నన్ను ఎగతాళిగా రాజావారూ అనేవాడు. పైఅధికారి కాబట్టి ఊరుకున్నాను.

నౌపడ దగ్గర ఉప్పు కయ్యల్లో పనిచేసే వాళ్ల పేటలో నా మొదటి సభ. దోమల గురించి అరగంట మాట్లాడాను. పుస్తకాల భాషలో, ఎక్కడా తడబడకుండా మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక పట్నాయక్ గారు చివర కూర్చున్న ముసలమ్మ దగ్గరికి వెళ్లి పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఏటమ్మా, మా బాబు ఎలగ సెప్పినాడు?"

"సానా బాగా సెప్పినారు బాబూ. రేడియోలో సెప్పినట్టే సెప్పినారు."

"ఏటి సెప్పినారు?"

"అదేటో మాకేటి తెలస్తాది? పెద్దింటి బిడ్డలు. బాబుగోరు సెప్పీరంటే మంచే సెప్పుంటారు."

"మరి రేపట్నుంచి ఏటి సేస్తావు?"

"ఏటి సేస్తాం? కయ్యలోకి ఎల్తాం."

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. తిరుగుదారిలో స్కూటరు మీద ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు: "రాజావారూ, నువ్వేం చెప్పావో నన్ను అడక్కు. ఆవిడ ఏం వింది, రేపు ఏం చేస్తుంది? నీ జీతం దానికే."

మర్నాడు అదే పేటకు తీసుకెళ్లాడు. ముసలమ్మ ఇంట్లో కుండలోంచి గాజు గ్లాసుతో నీళ్లు ముంచి వెలుతురుకు పట్టి చూపించాడు. నీళ్లలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. "ఇదిగో, నీ ఇంట్లో పెంచుతున్నావు దోమల్ని. కోళ్లయితే గుడ్లైనా పెట్టును" అన్నాడు. ఆవిడ, "ఓలమ్మ ఓలమ్మ" అంటూ కుండ బోర్లించేసింది. పేటంతా కుండలు బోర్లించారు. పట్నాయక్ గారు వాళ్ల మధ్య కూర్చుని టీ తాగాడు. నేను వీధిలో నిలబడి ఉన్నాను.

ఆ రోజుతో పుస్తకాల భాష వదిలేశాను. వాళ్ల చేలోంచి, వాళ్ల వంటింట్లోంచి పోలికలు తెచ్చి చెప్పడం నేర్చుకున్నాను. చెప్పాక, "ఏం అర్థమయింది?" అని తిరిగి అడగడం అలవాటు చేసుకున్నాను. కొన్నేళ్లకు జిల్లాలో బాగా చెప్పేవాళ్లలో నా పేరు వినబడేది. భాష మార్చుకోవడం తేలిక. నిలబడే చోటు మార్చుకోవడానికి మాత్రం నేను సిద్ధంగా లేను. అందులో లోటు ఉందని కూడా నాకు తోచలేదు.

సింహాద్రి ఇల్లు

ఆశా కార్యకర్తలు కొత్తగా వచ్చిన రోజులు. క్షయ రోగులకు మందులు ఊళ్లోనే ఆశా ఇంట్లో పెట్టె పెట్టి ఇచ్చేవాళ్లం. ఒక్కొక్కరి పేరున ఒక్కొక్క పెట్టె. మొత్తం ఆరు నెలలు వేసుకోవాలి. అందులో ప్రమాదం ఎక్కడుందంటే, రెండు నెలలకే జ్వరం తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, మనిషి లేచి తిరుగుతుంది. జబ్బు పోయిందనిపిస్తుంది. అక్కడ మానేస్తే కొంతకాలానికి తిరగబెడుతుంది. ఈసారి పాత మందులకు లొంగకపోవచ్చు. కాబట్టి రెండో నెల చివర చెప్పే మాటే అసలైన మందు. ఆ మాట చెప్పడం నా పని.

ఆ పెట్టెల్లో ఒకటి పైడమ్మది. ఆమెకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఐదేళ్ల కూతురు ఉంది. భర్త బెంగళూరులో సెంట్రింగ్ పనికి వెళ్లేవాడు, పండక్కో పబ్బానికో వచ్చేవాడు. అత్త అంతకుముందు వేసవిలో చనిపోయింది. ఇంట్లో మావ సింహాద్రి, కోడలు, పాప. ఇవన్నీ నా నోటు పుస్తకంలో నా చేత్తోనే రాసి ఉన్నాయి.

మా వైపు పాత పద్ధతి ఇళ్లలో కోడలు మావగారితో మాట్లాడదు, ఆయన ఎదట నిలబడదు. చెప్పాల్సింది ఏదైనా అత్త నోటి మీదుగా పోవాలి. మా ఇల్లు కూడా అంతే. మా అమ్మ, "మజ్జిగ పొయ్యమంటారేమో అడగండి" అని నాయనమ్మతో అనేది. తాతగారు నాలుగడుగుల దూరంలో విస్తరి ముందే కూర్చుని ఉండేవారు. నాయనమ్మ అడిగేది, ఆయన నాయనమ్మకే జవాబు చెప్పేవారు. ఆ పద్ధతిలోనే నేను పెరిగాను. దాని గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మందు మొదలుపెట్టిన రెండో నెల చివర, ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి పైడమ్మ అరుగు చివర కూర్చుని చేటలో నువ్వులు చెరుగుతోంది. నన్ను చూడగానే చేట పట్టుకుని లేచి లోపలికి వెళ్లిపోయింది. చీర కొంగు మాత్రం కనబడింది. నేను చూపు తిప్పుకున్నాను. పరాయి ఇంటి ఆడవాళ్ల వైపు చూడకపోవడం మాకు చిన్నప్పుడే నేర్పిన సంస్కారం.

సింహాద్రి తువ్వాలుతో అరుగు దులిపాడు. అతని తండ్రి మా తాతగారి గుర్రాలను చూసేవాడు.

"కూకోండి బాబూ."

"ఫరవాలేదు. నీ కోడలి మందుల సంగతి మాట్లాడాలి."

"సెప్పండి బాబూ."

చెప్పాను. "చేలో తుంగ పైపైన కోసేస్తే చేను శుభ్రంగానే కనిపిస్తుంది. గడ్డ లోపలే ఉంటుంది కదా? ఈ జబ్బూ అంతే. ఇప్పుడు పైది పోయింది. గడ్డ పోవాలంటే ఇంకో నాలుగు నెలలు మందు వెయ్యాలి" అన్నాను. అతని కళ్లు వెలిగాయి. రైతుకు తుంగ గురించి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

"ఏం అర్థమయింది, చెప్పు చూద్దాం."

"అదే బాబూ, గడ్డ తియ్యకుండా సేను ఒగ్గీకూడదు. ఒంట్లో బాగున్నాదని మందు మానీకూడదు. నాలుగు నెలలు."

ఒక్క అక్షరం పొల్లు పోలేదు. పట్నాయక్ గారుంటే మెచ్చుకునేవారని కూడా అనుకున్నాను. "తమరు సొయంగా వచ్చి సెప్పినాక తిరుగేటుంటాది బాబూ" అని సింహాద్రి నాతోపాటు వీధి చివరి దాకా నడిచి వచ్చాడు. ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రిజిస్టరులో కౌన్సెలింగ్ అయినట్టు రాసి సంతకం చేశాను.

మందు మింగాల్సిన మనిషితో ఒక్క మాట మాట్లాడలేదని ఆ రోజు నాకు తట్టనే లేదు.

ఈశ్వరమ్మ చెప్పబోయింది

పది పన్నెండు రోజులు గడిచాయి. ఆ ఊరి ఆశా ఈశ్వరమ్మ వారపు సమావేశానికి వచ్చి, అందరూ వెళ్లిపోయే దాకా ఆగి, నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, పైడమ్మ మందులకి రాటం నేదండి."

"నేనే వెళ్లి చెప్పొచ్చాను. వస్తుంది."

"అది కాదు బాబూ, ఆ పిల్ల ఏటంటాదంటే..."

"ఈశ్వరమ్మా, వాళ్ల మావ నా ఎదుట ఒప్పుకున్నాడు. ఆ ఇంటితో మాకు మూడు తరాల పరిచయం."

"అలాగే బాబూ."

ఆవిడ వెళ్లిపోయింది. ఆవిడ దగ్గర ఏం సమాచారం ఉందో నాకు తెలిసింది చాలా నెలల తర్వాత. మాత్రలు వేసుకుంటే కడుపులో మంటగా ఉందని, జ్వరం లేదు కదా ఇంకెందుకని పైడమ్మ ఆవిడను అడిగింది. ఈశ్వరమ్మ తనకు తోచింది చెప్పింది. పైడమ్మ నమ్మలేదు. పెద్దవాళ్లెవరైనా వచ్చి పైడమ్మతోనే మాట్లాడితే బాగుండునని అడగడానికి ఈశ్వరమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆ మాట ఆవిడ నోట్లో ఉండగానే నేను మా మూడు తరాలను అడ్డం పెట్టాను.

కింద పనిచేసే మనిషి నోరు ఒక్కసారి మూయిస్తే చాలు, తర్వాత ఏళ్ల తరబడి మనకు మంచి కబుర్లే వినబడతాయి. నాకు అలాగే వినబడ్డాయి. చాలామంది అధికారులు సుఖంగా రిటైరయ్యేది అందుకే.

వరండాలో

గోగునార తీసే రోజుల్లో పైడమ్మ తిరిగి మా కేంద్రానికి వచ్చింది. కుళ్లబెట్టిన గోగు కట్టల మధ్య నడుము లోతు నీళ్లలో నిలబడి పనిచేస్తుండగా దగ్గులో రక్తం పడిందట. డాక్టరమ్మ గారు పరీక్ష చేసి, రిజిస్టరు తెప్పించి, పేజీ తిప్పి నా సంతకం దగ్గర వేలు పెట్టారు.

"చెప్పారుగా" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ల పైబడిన ఉద్యోగంలో నన్ను అంతకంటే ఎక్కువ దెబ్బ కొట్టిన మెమో లేదు.

బయట వరండాలో సింహాద్రి స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి నిటారుగా నిలబడ్డాడు.

"మందు మానకూడదని అంత వివరంగా చెప్పాను కదా. కోడలికి చెప్పలేదా?"

"సెప్పినాను బాబూ."

"ఎలా చెప్పావు? మీరిద్దరూ మాట్లాడుకోరు కదా."

"గేదికి సెప్పినాను" అన్నాడు.

భార్య పోయినప్పటి నుంచీ ఆ ఇంట్లో అదే దారి. బియ్యం అయిపోతే సింహాద్రి వాకిట్లో కట్టేసిన గేదెతో, "ఏటే, బియ్యం నిండుకున్నాయి, మిల్లుకి ఎల్లాల" అనేవాడు. లోపల కోడలు విని ధాన్యం తీసి పెట్టేది. ఆ రోజు కూడా, తుంగ, గడ్డ, నాలుగు నెలలు, అన్నీ గేదెకు చెప్పాడు. వినబడలేదేమోనని రెండోసారి గట్టిగా చెప్పాడు. నేను వచ్చానని పైడమ్మ పెరటి గుమ్మంలోంచి పక్కింటికి వెళ్లిపోయిందని, చీకటి పడే దాకా తిరిగి రాలేదని అప్పుడు అతనికి తెలియదు. చెప్పిన పని చేసేశాననుకున్నాడు.

బెంచీ మీద కూర్చున్నవాడొకడు కిసుక్కున నవ్వి, "అయితే మావా, గేది మందు మానకుండా ఏసుకున్నాదా?" అన్నాడు. నేను అతని వైపు చూసేసరికి తల తిప్పుకున్నాడు. సింహాద్రి ముఖంలో కోపం కూడా లేదు.

బెంగళూరులో ఉన్న కొడుక్కైనా ఫోనులో ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్న అడిగే అర్హత నాకు లేదు. ఆ ఇంట్లో అత్త లేదని నా నోటు పుస్తకంలో ఉంది. మావ, కోడలు మాట్లాడుకోరని నా ఒంట్లోనే ఉంది. అంతా తెలిసి, మాటను తీసుకెళ్లి అది ముందుకు పోలేని చోట పెట్టి వచ్చాను. సింహాద్రి కనీసం ఆమెకు వినబడాలని గొంతు పెంచాడు. నేను ఆ ప్రయత్నం కూడా చేయలేదు.

కొత్తగా చేరేవాళ్లకు

సలహాలు ఇక్కడే చెప్పేస్తాను. చివర్లో చెప్పడానికి ఏమీ ఉండదు.

ఎవరి ఒంటికి సంబంధించిన మాట వాళ్లతోనే చెప్పండి. ఇంటి పెద్దకు చెప్పడం మర్యాద. అది వేరే పని, అదీ చేయండి. కానీ రెండింటినీ కలిపి ఒక గీత కింద రాయకండి. ఆడమనిషి తలుపు వెనక్కి వెళ్లిపోతే ఆగి ఉండండి, లేదా మళ్లీ వెళ్లండి. ఆమెతో మాట్లాడగలిగిన ఆడవాళ్లను వెంటబెట్టుకు వెళ్లండి. ఊరి ఆశాకు మీకంటే ఎక్కువ తెలుసు. ఆమె మాట మొదలుపెట్టాక మధ్యలో మీ గొంతు వినబడకూడదు.

"అలాగే బాబూ" అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. మా వైపు అది పెద్దవాళ్లను సాగనంపే మాట. మీ ముందు ఎవరూ ఎదురు చెప్పడం లేదంటే గర్వపడకండి, భయపడండి.

కూర్చోండి. వాళ్లు ఇచ్చిన నీళ్లు తాగండి. కూర్చున్నవాడిని జనం ప్రశ్న అడుగుతారు. నిలబడినవాడు ఎప్పుడు వెళ్తాడా అని చూస్తారు.

ఇప్పుడు మీ చేతుల్లో ఫోను ఉంది, అందులో గడి నొక్కితే కౌన్సెలింగ్ అయిపోయినట్టు పైకి వెళుతుంది. నా సంతకం చేసిన పనే అది కూడా చేస్తుంది. అంతకు మించిన గౌరవం దాని మీద నాకు లేదు.

విశాఖలో

పాత మందులకు జబ్బు లొంగలేదు. పైడమ్మను విశాఖకు పంపించారు. అక్కడి వైద్యం ఏళ్ల తరబడి సాగేది, ఆమె ఊపిరితిత్తులకు అంత వ్యవధి మిగల్లేదు. రెండు నెలల తర్వాత నేను వెళ్లాను. నన్ను ఎవరూ పంపలేదు. ముందు అక్కడి డాక్టరును కలిసి ఉన్నది ఉన్నట్టు అడిగి తెలుసుకుని, తర్వాత వార్డులోకి వెళ్లాను. భర్త టీ తేవడానికి కిందికి వెళ్లాడు. సింహాద్రి వార్డు గుమ్మం బయట గోడ వారన నిలబడి ఉన్నాడు. కోడలు పడుకుని ఉన్న చోటికి మావ రాకూడదు.

పైడమ్మ ముఖం నేను చూడటం అదే మొదటిసారి. లేవబోయింది. వద్దన్నాను. మంచం పక్కన స్టూలు ఉంటే కూర్చున్నాను.

"మందులు ఎందుకు మానేశావమ్మా?"

"కడుపులో మంట బాబూ. జొరం తగ్గిపోనాది. బాగైపోనాను కదా అని మానీసినాను."

"మానకూడదని మీ మావకు చెప్పాను."

"మావకి సెప్తే నాకెలగ తెలస్తాది బాబూ?" అంది. అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే అడిగింది. "తమరు పిలిస్తే వచ్చీదాన్ని. గుమ్మంలోకి వచ్చి నిలబడీదాన్ని."

నేను స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాను. ఆమే మళ్లీ అంది.

"డాక్టర్లు మా ఆయనకి సెప్తన్నారు. ఆయన బయటికెల్లి మావకి సెప్తన్నాడు. నాకు మాత్రం ఎవులూ ఏటీ సెప్పరు. నాను బతుకుతానా బాబూ?"

ఆ ప్రశ్నకు అందరూ ఇచ్చే జవాబు నాకూ వచ్చు. ఆ జవాబు చెప్పలేదు. "కష్టమమ్మా" అన్నాను.

ఆమె ఏడవలేదు. కళ్లు మూసుకుని తెరిచింది. "అయితే మావకి ఒక మాట సెప్పాలి. తమరు సెప్తారేటి?"

"నేను చెప్పను. బయటే ఉన్నాడు. నువ్వే చెప్పు."

"తప్పు కాదా బాబూ?"

"కాదు."

వెళ్లి సింహాద్రిని లోపలికి తీసుకొచ్చాను. రానన్నాడు. చెయ్యి పట్టుకుని తెచ్చాను. అతని చెయ్యి నేను పట్టుకోవడం కూడా అదే మొదలు. మంచం కాళ్ల దగ్గర కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. పైడమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. దగ్గు ఆగాక మొదలుపెట్టింది.

"మావా, పాపని మా అమ్మోలింటికి పంపీకు. అక్కడ బడి నేదు. నీ కాడే ఉంచు."

"అలాగే."

"దానికి దగ్గొస్తే దాయకు. ఆసుపత్రికి తీసికెల్లు."

"తీసికెల్తాను."

అంతటితో వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. మెల్లగా ఇటు తిరిగాడు. పెళ్లయి వచ్చాక ఏడేళ్లలో ఒక్కసారీ చూడని కోడలి ముఖంలోకి చూశాడు.

"పైడమ్మా, ఆ మందు సంగతి నాను నీకే సెప్పాల్సింది."

"సెప్పుంటే ఇనీదాన్ని మావా."

సింహాద్రి తల దించుకున్నాడు. ఆ మాట అతనొక్కడికే కాదని ముగ్గురికీ తెలుసు. నేనూ తల దించాల్సింది. మా ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ దించగా చూడలేదు, నాకు చేతకాలేదు. ఆ స్టూలు మీద వీపు నిటారుగా పెట్టుకుని, ఆమె భర్త టీ గ్లాసులతో పైకి వచ్చే దాకా అలాగే కూర్చున్నాను.